దేశం పోయిన ప్రొఫెసరు

బెజవాడలో హైదరాబాద్ బస్సెక్కి గొల్లపూడి దాటగానే మనలో చాలామంది కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంటారు. మళ్లీ తెరిచేది సూర్యాపేట దగ్గర టీ కోసం బస్సు ఆగినప్పుడే! ఈసారి మాత్రం ఓ పని చేయండి. ఇబ్రహీంపట్నం దాటి ఓ పదిహేను నిమిషాలు నిద్ర ఆపుకోండి. పరిటాల వస్తుంది. 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కనబడుతుంది. అందరూ దండం పెట్టుకుంటారు. బాగానే ఉంది. కానీ ఆ ఊరికి ఇంకో కథ ఉందని ఎంతమందికి తెలుసు?

కృష్ణా జిల్లా అంతా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో కూడా పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్లు నిజాంవే! ఒకప్పుడు అక్కడ వజ్రాలు దొరికేవి మరి. జిల్లాలు వదులుకున్న నిజాం వజ్రాల ఊళ్లను మాత్రం వదులుకోలేదు. చుట్టూ మద్రాసు రాష్ట్రం, మధ్యలో నిజాం ఊళ్లు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఊళ్ల వాళ్లు 'ఇక మేం నిజాం కింద లేం' అని ప్రకటించేసుకున్నారు. దాన్నే 'పరిటాల రిపబ్లిక్' అని ఇప్పటికీ పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

ప్రభుత్వం మారడం అంటే ఏదో ఇరాన్‌లోనో, ఈజిప్టులోనో జరిగే వ్యవహారం అనుకుంటాం. టీవీలో చూస్తాం, ఛానల్ మార్చేస్తాం. మన బస్సు రోడ్డు పక్కనే అలాంటిదొకటి జరిగింది. మతం, రాజ్యం, అధికారం... ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో, రాజ్యం పోయాక ఏం మిగులుతుందో అన్నది ఇప్పుడు ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలన్నీ చదువుతున్న పాఠం. ఆ పాఠాన్ని చదవడమే కాదు, దాన్ని బతికిన ఇద్దరు ప్రొఫెసర్లు మన పక్కనే, ఉస్మానియాలో ఉండేవారు. ఒకాయన వెళ్లి మళ్లీ స్థిరపడటానికి తిరిగి రాలేదు. ఇంకొకాయన ఇక్కడే ఉండిపోయారు. ఈవారం వాళ్ల సంగతి.

నాయనమ్మ చెప్పిన సగం

ముందుగా ఒక ఇంటి ముచ్చట. మా నాయనమ్మది నందిగామ దగ్గర పల్లెటూరు. 'రజాకార్ల టైములో' అని ఆవిడ మొదలుపెడితే మేం పిల్లలందరం దగ్గరకి జరిగేవాళ్లం. అటువైపు నుంచి బళ్లు కట్టుకుని, ముసలివాళ్లనీ పసివాళ్లనీ ఎక్కించుకుని జనం వచ్చేవారట. మా వాళ్ల పశువుల కొట్టంలో రెండు కుటుంబాలు నెలల తరబడి ఉన్నాయట. 'పాపం, రాత్రిపూట కుక్క మొరిగినా లేచి కూర్చునేవాళ్లురా' అనేది నాయనమ్మ. 'తర్వాత మన మిలట్రీ ఈ రోడ్డు మీదుగానే వెళ్లింది. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది' అని ముగించేది.

ఆవిడ చెప్పింది నిజమే. 1948 సెప్టెంబరు 13న 'ఆపరేషన్ పోలో' మొదలైంది. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి నాయకత్వంలో ప్రధాన దళం కదిలితే, బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర ఆధ్వర్యంలో మరో దళం కదిలింది. కోదాడ, మునగాల, సూర్యాపేట... మనం బస్సులో దాటే ఊళ్లే. 17వ తేదీ సాయంత్రానికి నిజాం చేతులెత్తేశారు.

నాయనమ్మ కథ అక్కడితో అయిపోయేది. కొన్నేళ్ల క్రితం గవర్నర్‌పేటలో పరిచయమైన ఒక రిటైర్డ్ పాలిటిక్స్ లెక్చరర్‌గారికి ఈ కథ చెబితే ఆయన శ్రద్ధగా విని, చివర్లో ఒక మాటన్నారు.

'మీ నాయనమ్మగారు చెప్పింది సగం బాబూ. ఆవిడకి కనబడిన సగం. అబద్ధం కాదు. కానీ సగం.'

'మిగతా సగం ఎక్కడుంది మాస్టారూ?'

'కొంత ఢిల్లీలో ఒక ఫైల్లో ఉంది. కొంత పారిస్‌లో ఒక గదిలో ఉండేది' అన్నారాయన.

ఆ పారిస్ గదిలో ఉన్నాయన పేరు ముహమ్మద్ హమీదుల్లా.

హైదరాబాద్ నుంచి బాన్ దాకా

హమీదుల్లా 1908లో హైదరాబాద్‌లో పుట్టారు. తరతరాలుగా పండితుల కుటుంబం. ఆయన పెరిగే వయసుకే నగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. 1918లో మొదలైన ఆ యూనివర్సిటీ ప్రత్యేకత ఏంటంటే, చట్టం, సైన్సు, చరిత్ర... సమస్తం ఉర్దూలోనే బోధించేవారు. ఇంగ్లిషు రాజ్యంలో దేశభాషలో ఉన్నత విద్య అంటే అప్పట్లో పెద్ద సాహసమే. (ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగులో మాత్రం కాదు. ఆ సంగతి మరచిపోకూడదు.)

అక్కడ చదువుకుని హమీదుల్లా యూరప్ వెళ్లారు. 1930లలో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరేటు, పారిస్ సోర్బాన్‌లో ఇంకో డాక్టరేటు. విషయం ఏంటో తెలుసా? ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో దేశాల మధ్య సంబంధాలు. యుద్ధం వస్తే తటస్థంగా ఉండేవాళ్లకి ఏ హక్కులుంటాయి? రాయబారులతో ఎలా నడచుకోవాలి? ప్రవక్త కాలంలో, తొలి ఖలీఫాల కాలంలో రాసిన ఒప్పందాలు, ఉత్తరాలు ఏం చెబుతున్నాయి? ఇలాంటివి.

తిరిగొచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1940ల తొలినాళ్లలో వెలువడిన ఆయన పుస్తకం 'ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్' ఇప్పటికీ ఆ రంగంలో చదివే పుస్తకమే. మదీనాలో ప్రవక్త అక్కడి తెగలతో, యూదులతో సహా, కుదుర్చుకున్న ఒప్పందం ప్రపంచంలోనే మొదటి లిఖిత రాజ్యాంగమని ఆయన వాదించారు. ఒప్పుకున్నవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లున్నారు. కానీ ఆ వాదన ఎంత దూరం వెళ్లిందంటే, ఇవాళ ఇస్లాం, ప్రజాస్వామ్యం గురించి ఎక్కడ చర్చ జరిగినా మదీనా ఒప్పందం ప్రస్తావన రాకుండా ఉండదు.

ఒకే రాజ్యం, మూడు ఆలోచనలు

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పుకోవాలి. 'రాజకీయ ఇస్లాం' అన్న మాట ఇప్పుడు పేపర్లో తరచూ కనిపిస్తుంది. ఇస్లాం ఒక మతం. దాని పేరు మీద రాజ్యం ఎలా ఉండాలో చెప్పే రాజకీయాన్ని రాజకీయ ఇస్లాం అంటున్నారు. రెండూ ఒకటి కాదు. ఆ రాజకీయం కూడా ఒకటే రకం కాదు. ఆశ్చర్యం ఏంటంటే, అందులోని మూడు వేర్వేరు ఆలోచనలు ఒకే కాలంలో మన పక్కనున్న నిజాం రాజ్యంలోనే కనిపించాయి.

మొదటిది మౌలానా మౌదూదీది. 1903లో నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో పుట్టిన ఆయన, 1930లలో హైదరాబాద్ నుంచే 'తర్జుమాన్-ఉల్-ఖురాన్' పత్రిక నడిపారు. 1938లో పంజాబ్ వెళ్లి, 1941లో జమాతే ఇస్లామీ స్థాపించారు. సార్వభౌమాధికారం దేవుడిది, మనిషిది కాదు అన్నది ఆయన సిద్ధాంతం. ఆ ఆలోచన ఈజిప్టు దాకా, అక్కడినుంచి ఇంకా దూరం పాకింది.

రెండోది మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌ది. 1927లో పుట్టిన ఈ సంస్థ, 1938లో బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలోకి వచ్చాక బలం పుంజుకుంది. హైదరాబాద్‌లో సార్వభౌమాధికారం నిజాం ఒక్కడిదే కాదు, ఆ రాజ్యంలోని ముస్లింలందరిదీ, నిజాం దానికి ప్రతీక మాత్రమే అన్నది వీళ్ల వాదన. 'అనల్ మాలిక్' అన్నది నినాదం. నేనే రాజుని అని అర్థం. జనాభాలో చిన్న భాగం పెద్ద భాగం మీద 'మేమే రాజులం' అంటే ఏమవుతుంది? బహదూర్ యార్ జంగ్ 1944లో చనిపోయారు. 1946లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి పగ్గాలొచ్చాయి. రజాకార్లు వచ్చారు. మిగతాది మా నాయనమ్మ చెప్పేసింది.

మూడోది హమీదుల్లాది. ఆయనది నినాదం కాదు, కాగితం. ఏ ఒప్పందంలో ఏం రాశారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరికి ఏ హక్కు ఇచ్చారు అన్నదే ఆయన వెతుకులాట. అలాగని ఆయన ఏ పక్షం కాకుండా కూర్చున్నారనుకోవద్దు. హైదరాబాద్ స్వతంత్రంగా ఉండాలన్న పక్షమే ఆయనది. అదే ఆయన జీవితాన్ని మార్చేసింది.

బందరు రేవు, భద్రతా మండలి

హైదరాబాద్ స్వతంత్రంగా ఉంటే దానికి సముద్రం ఏదీ? ఈ ప్రశ్నలో మన డెల్టా ఉంది! 1802లో ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో నిజాంకి మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు రాసిచ్చారు. ఆ పాత కాగితం నిజాం సర్కారు మరచిపోలేదు. అంటే, చరిత్ర ఇంకోలా మలుపు తిరిగుంటే మన బందరు పేరు అంతర్జాతీయ వివాదాల్లో వినబడేదేమో!

1947 నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. అది నిలవలేదు. 1948 ఆగస్టులో నిజాం సర్కారు ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. పారిస్‌కి ప్రతినిధి బృందాన్ని పంపింది. నాయకుడు మొయిన్ నవాజ్ జంగ్. బృందంలో దళిత నాయకుడు శ్యామ్ సుందర్ ఉన్నారు. అంతర్జాతీయ చట్టం తెలిసిన హమీదుల్లా ఉన్నారు.

శ్యామ్ సుందర్ పేరు ఎందుకు చెప్పానంటే, ఈ కథని హిందువులు ఒకవైపు, ముస్లింలు ఒకవైపు అని రెండు గీతలు గీసి చూడటం మనకి అలవాటు. అది కుదరదు. నిజాం తరఫున ఒక దళిత నాయకుడు పారిస్ వెళ్లారు. ఆ ఆగస్టులోనే, హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని చంపేశారు. భారత్‌లో కలవాలని, రజాకార్లు ఆగాలని రాసినందుకు! మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవి కమ్యూనిస్టుగా నిజాం మీద పోరాడారు. మనుషులు గీతల్లో ఇమడరు.

ఇక పారిస్‌లో ఏం జరిగింది? సెప్టెంబరు 16న భద్రతా మండలి సమావేశమై హైదరాబాద్ ఫిర్యాదును చేపట్టింది. మర్నాడే హైదరాబాద్ లొంగిపోయింది. కొద్దిరోజులకి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నిజాం కబురు పంపారు. ఎవరి తరఫున వాదించడానికి వెళ్లారో ఆ సర్కారే లేదు. చేతిలోని పాస్‌పోర్టుకి విలువ లేదు. కొత్తగా పరిస్థితి ఏమిటో తెలియదు.

అప్పటికి హమీదుల్లా వయసు 40. ఆయన వెనక్కి రాలేదు.

దేశాల మధ్య చట్టం గురించి పుస్తకాలు రాసినాయన, ఏ దేశానికీ చెందని మనిషైపోయారు.

చిన్న ఫ్లాటు, పెద్ద పని

చాలామందికి ఇలాంటి దెబ్బ తగిలితే కోపమో, నిస్పృహో మిగులుతుంది. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏంటంటే, ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు ఆయన చేసిన పని.

మొదట్లో పాకిస్థాన్ పిలిచింది. 1949లో అక్కడి రాజ్యాంగ సభ లక్ష్య తీర్మానం చేశాక, ఇస్లాం ప్రకారం రాజ్యాంగం ఎలా ఉండాలో సలహా ఇవ్వడానికి పండితుల బోర్డు వేశారు. హమీదుల్లా అందులో ఉన్నారు. ఒక పరిశోధకుడికి ఇంతకంటే పెద్ద అవకాశం ఏముంటుంది? పుస్తకంలో రాసిందంతా రాజ్యంలో పెట్టి చూడొచ్చు! కానీ ఆయన అక్కడ నిలవలేదు. తిరిగి పారిస్ వెళ్లిపోయారు. అక్కడ ఉండిపోయుంటే పదవి, ఇల్లు, కారు దొరికేవేమో. చిన్న ఫ్లాటునీ, లైబ్రరీనీ ఎంచుకున్నారు.

1954 నుంచి 1978 దాకా ఫ్రాన్స్ జాతీయ పరిశోధనా సంస్థ సీఎన్ఆర్ఎస్‌లో పనిచేశారు. ఇస్తాంబుల్‌లో ఏళ్ల తరబడి విజిటింగ్ ప్రొఫెసరుగా పాఠాలు చెప్పారు. తొలితరం హదీసుల సంకలనం 'సహీఫా హమ్మామ్' ప్రతుల్ని బెర్లిన్, డమాస్కస్ గ్రంథాలయాల్లో పట్టుకుని ప్రచురించారు. హదీసులు చాలా కాలం తర్వాతే కాగితం మీదికి ఎక్కాయన్న వాదనకి అది గట్టి జవాబు అయింది. 1959లో ఖురాన్ ఫ్రెంచి అనువాదం తెచ్చారు. ఇరవైకి పైగా భాషలు వచ్చని చెబుతారు. పెళ్లి చేసుకోలేదు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకోలేదు. శరణార్థి కాగితాలతోనే బతికారు.

1980లో పాకిస్థాన్‌లోని బహావల్‌పూర్‌లో 12 ఉపన్యాసాలు ఇచ్చారు. అవి పుస్తకంగా వచ్చి ఉర్దూ చదివే ఇళ్లన్నిటికీ చేరాయి. 1985లో పాకిస్థాన్ ప్రభుత్వం పెద్ద పురస్కారం ఇస్తే, దాంతో వచ్చిన డబ్బును పరిశోధనా సంస్థకే ఇచ్చేశారు. 1996లో ఆరోగ్యం బాగోక అమెరికాలోని బంధువుల దగ్గరకి వెళ్లారు. 2002 డిసెంబరు 17న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కన్నుమూశారు. 94 ఏళ్లు.

ఒక్క విషయం గమనించండి. 1978 అక్టోబరులో ఇరాక్ నుంచి వెలివేతకు గురైన అయతుల్లా ఖొమైనీ పారిస్ పక్క ఊళ్లో దిగారు. అక్కడినుంచే కథ నడిపి 1979 ఫిబ్రవరి 1న టెహ్రాన్‌లో విమానం దిగారు. రాజు పోయి ఇస్లామిక్ రిపబ్లిక్ వచ్చింది. అదే కాలంలో, అదే నగరంలో, ఇస్లాంలో రాజ్యం గురించి జీవితమంతా చదివిన హైదరాబాదీ ప్రొఫెసరు మాన్యుస్క్రిప్టులు తిరగేస్తున్నారు. ఒకరు రాజ్యం పట్టుకున్నారు. ఇంకొకరు కాగితం పట్టుకున్నారు!

ఉండిపోయిన ప్రొఫెసరు

ఇప్పుడు రెండో మనిషి. పేరు రషీదుద్దీన్ ఖాన్. ఈయన అసలు సిసలు రాజనీతి శాస్త్రవేత్త. ఉస్మానియాలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసరుగా చేసి, తర్వాత ఢిల్లీ జేఎన్‌యూలో రాజకీయ అధ్యయన కేంద్రానికి పునాది వేసినవాళ్లలో ఒకరయ్యారు. 1970 నుంచి 1982 దాకా రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు.

1948 తర్వాత ఈ ప్రాంతంలో ఉండిపోయిన ముస్లింల ముందున్న ప్రశ్న వేరు. రాజ్యం పోయింది. సర్కారు ఉద్యోగాలు చాలామందికి పోయాయి. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. మరి ఇప్పుడు రాజకీయం ఎలా? రజ్వీ జైల్లో ఉన్నాడు. 1957లో విడుదలై పాకిస్థాన్ వెళ్లిపోయాడు. 1958లో మజ్లిస్ కొత్త నియమావళితో, భారత రాజ్యాంగానికి కట్టుబడి, అబ్దుల్ వాహెద్ ఒవైసీ నాయకత్వంలో మళ్లీ మొదలైంది. 1962లో ఆయన కుమారుడు సలావుద్దీన్ ఒవైసీ పత్తర్‌గట్టి నుంచి అసెంబ్లీకి గెలిచారు. 1984 నుంచి హైదరాబాద్ లోక్‌సభ సీటు ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

'నేనే రాజుని' అన్న సంస్థ 'నాకు ఓటేయండి' అని గుమ్మం ముందు నిలబడింది. ఇది చిన్న మార్పా? ఈ మార్పునే రషీదుద్దీన్ ఖాన్ పరిశోధనకు తీసుకున్నారు. 1971లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో హైదరాబాద్ ముస్లిం నాయకత్వం, ఎన్నికల రాజకీయాల మీద ఆయన రాసిన పెద్ద వ్యాసం రెండు భాగాలుగా వచ్చింది. మత గ్రంథాల్లో ఏముందని కాదు, బ్యాలెట్ పెట్టెలో ఏముందని చూశారాయన. ఒక సమాజం తన కష్టాన్ని, భయాన్ని, ఆశని ఓటుగా ఎలా మారుస్తుంది అన్నది ఆయన ప్రశ్న. ఆ తర్వాత మజ్లిస్ గురించి రాసిన పరిశోధకులకి ఆ వ్యాసం ఒక మొదటి మెట్టు.

అంతటితో ఆగలేదు. భారతదేశం లాంటి పెద్ద దేశంలో అందరూ కలిసి ఉండాలంటే ఢిల్లీ ఒక్కచోట అధికారం పోగుపడకూడదన్నారు. చిన్న రాష్ట్రాలు కావాలన్నారు. 1970ల్లోనే దేశాన్ని యాభైకి పైగా ప్రాంతాలుగా గుర్తించి చర్చకు పెట్టారు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం చూసిన మనకి అది గాలిలో మాట కాదు. జై ఆంధ్రకి బెజవాడే గుండెకాయ కదా! 1992లో 'ఫెడరల్ ఇండియా', 1994లో 'బివైల్డర్డ్ ఇండియా' పుస్తకాలు వచ్చాయి. రాజ్యం ఎవరిదన్న ప్రశ్నని ఆయన, అధికారం ఎలా పంచుకుందాం అన్న ప్రశ్నగా మార్చేశారు. నన్నడిగితే అది చాలా పెద్ద పని.

ప్రపంచం నేర్చుకుంటున్న పాఠం

ఇదంతా పాత కథేగా అనిపించవచ్చు. ఒక్కసారి బయటకి చూడండి. 2011లో ఈజిప్టులో ముబారక్ దిగిపోయాడు. 2012లో ముస్లిం బ్రదర్‌హుడ్ నాయకుడు మొర్సీ ఎన్నికల్లో గెలిచాడు. 2013 జులైలో సైన్యం ఆయన్ని దించేసింది. వేలమంది జైళ్లపాలయ్యారు, ఎందరో దేశం విడిచారు. ట్యునీషియాలో ఎన్నహ్దా పార్టీ 2016లో తన మత ప్రచారాన్నీ, రాజకీయాన్నీ వేరు చేస్తున్నట్టు ప్రకటించింది. 2021లో కాబూల్ తాలిబన్ల చేతికి పోయింది. 2024 డిసెంబరులో సిరియాలో అసద్ పారిపోయాడు.

ప్రతిచోటా అవే ప్రశ్నలు. పాత రాజ్యంలో ఉద్యోగం చేసిన గుమాస్తా ఏం కావాలి? ఓడిన పక్షంలో పుట్టిన పిల్లవాడు ఏ బడికి వెళ్లాలి? కోపాన్ని తుపాకీలో పెట్టకుండా ఓటులో పెట్టే దారి ఎవరు చూపాలి? ఓడినవాళ్లకి ఓటు పెట్టె దగ్గర చోటు దొరికితే ఒక రకం చరిత్ర, జైలే దొరికితే ఇంకో రకం చరిత్ర. ఈ తేడా చూడటానికి కైరో దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ చాలు.

మిగతా సగం

మాస్టారు చెప్పిన ఢిల్లీ ఫైలు సంగతి ఇంకా మిగిలే ఉంది కదూ?

1948 చివర్లో నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులతో ఒక బృందాన్ని హైదరాబాద్ పంపింది. పోలీసు చర్య తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మంది. వాళ్లు జిల్లాలు తిరిగారు. నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాశారు. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. రజాకార్ల దుర్మార్గాలకి వాళ్లలో చాలామందికి ఏ సంబంధమూ లేదు. ఆ నివేదికని ప్రభుత్వం ప్రచురించలేదు. 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియం లైబ్రరీలో మామూలు పాఠకులకి అందుబాటులోకి రాలేదు. కెనడా పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ మాత్రం 1950లోనే 'హైదరాబాద్: ముస్లిం ట్రాజెడీ' అని వ్యాసం రాశారు. మన చదువులో అది లేదు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నాయనమ్మ అప్పటికే లేదు. ఉంటే చెప్పేవాణ్ని కాదేమో. మన కొట్టంలో తలదాచుకున్నవాళ్ల భయం నిజం. ఆ రోడ్డు అవతలి చివర, తర్వాతి వారాల్లో, ఇంకో ఇంట్లో కుక్క మొరిగితే లేచి కూర్చున్నవాళ్ల భయమూ నిజం. ఒక భయం ఇంకో భయానికి జవాబు కాదు. ఒక లెక్క ఇంకో లెక్కని కొట్టెయ్యదు.

ఏటా సెప్టెంబరు 17 వస్తుంది. విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అని పార్టీలు కొట్టుకుంటాయి. 2022లో కేంద్రం ఒక పేరు పెడితే రాష్ట్రం ఇంకో పేరు పెట్టింది. 2024లో తెలంగాణలో కొత్త ప్రభుత్వం 'ప్రజా పాలన దినోత్సవం' అంది. పేరు ఏదైతేనేం... ఆ రోజున ఒకరి ఇంట్లో దీపం వెలిగింది, ఒకరి ఇంట్లో ఆరిపోయింది. రెండిళ్ల వాళ్లూ మన పక్కింటి వాళ్లే. ఈ రెండింటినీ ఒకే పేజీలో రాయగలిగినప్పుడే అది చరిత్ర అవుతుంది. అప్పటిదాకా ఎవరి నాయనమ్మ కథ వాళ్లది.

ఆ మాటే మాస్టారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు.

'బాబూ, హమీదుల్లాగారితో నేను చాలా విషయాల్లో ఏకీభవించను. ఆయన కోరుకున్న హైదరాబాద్‌లో నాలాంటి వాడి మాటకి విలువ ఉండేది కాదు. 1938లో వందేమాతరం పాడినందుకే ఉస్మానియా పిల్లల్ని బయటికి పంపేసింది. పీవీ నరసింహారావు గారు నాగపూర్ వెళ్లి చదువుకోవాల్సొచ్చింది. ఆయన వెళ్లాల్సొచ్చిందని మనకు గుర్తుంది, మంచిదే. పదేళ్ల తర్వాత హమీదుల్లాగారు తిరిగి రాలేకపోయారని కూడా గుర్తుంటే ఇంకా మంచిది. చదువుకున్నవాడు ఊరు వదిలి వెళ్లాల్సొచ్చే పరిస్థితి ఎవరు తెచ్చినా తప్పే.'

ఈసారి బస్సులో పరిటాల దగ్గర కళ్లు తెరవండి. ఆంజనేయస్వామికి దండం పెట్టుకోండి. పక్క సీట్లో పిల్లలుంటే ఈ రోడ్డు కథ చెప్పండి. కాకపోతే ఒక్క షరతు... రెండు సగాలూ చెప్పండి. హైదరాబాద్ చేరడానికి ఐదు గంటలు పడుతుంది. టైము సరిపోతుంది.